గాజు గ్లాసు చేతికిచ్చిన డాక్టరమ్మ

పిల్లలూ! బదిలీ మీద దేశంలో ఏ ఊరికి వెళ్లినా మనకు ఒక పేరు కనిపిస్తూనే ఉంటుంది. చిన్నపిల్లల బడి గోడ మీద రంగురంగుల అక్షరాలతో మాంటిస్సోరి అని రాసి ఉంటుంది. అది ఒక రకం బడికి పేరని చాలామంది అనుకోవడం మేము పనిచేసిన ఊళ్లన్నిటిలోనూ విన్నాం. నిజానికి అది ఒక మనిషి పేరు. ఆమె డాక్టరు. మన దేశంలో ఏళ్ల తరబడి ఉన్నారు. మీలాగే తండ్రి ఉద్యోగం వల్ల ఊళ్లు మారిన పిల్ల కూడా.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా దగ్గరి కియారవల్లే అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి పేరు రెనిల్డే. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం 1873లో ఫ్లోరెన్స్‌కు, 1875లో రోమ్‌కు మారింది. అంటే ఐదేళ్లు నిండే వేళకే ఆ పాప మూడు ఊళ్లు చూసేసింది.

ఆ రోజుల్లో ఆడపిల్ల చదివితే టీచరు కావాలనేవారు. మరియా మాత్రం అబ్బాయిలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరారు. తర్వాత వైద్యం చదువుతానన్నారు. తండ్రికి అది నచ్చలేదు, తల్లి మాత్రం అండగా నిలిచారు. మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష చేయడం ఆడపిల్లకు తగదని, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా ఆ పాఠం నేర్చుకోమన్నారు. ఆమె అలాగే నేర్చుకున్నారు. 1896లో పట్టా పుచ్చుకుని ఇటలీలోని తొలితరం మహిళా డాక్టర్లలో ఒకరయ్యారు.

డాక్టరుగా ఆమె మొదట చూసింది బుద్ధి ఎదగలేదని పిచ్చాసుపత్రుల్లో పడేసిన పిల్లల్ని. ఖాళీ గదిలో ఆ పిల్లలకు చేత్తో ముట్టుకోవడానికి ఒక్క వస్తువు కూడా లేదు. వాళ్లకు కావలసింది మందు కంటే ముందు చేతికి పని అని ఆమెకు అర్థమైంది. ఇటార్, సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యుల రచనలు చదివి, చేత్తో పట్టుకుని నేర్చుకునే వస్తువులు తయారు చేయించారు. ఆ పిల్లలు చదవడం, రాయడం నేర్చుకున్నారు.

1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల వాడలో ఆమె ఒక బడి తెరిచారు. అక్కడి తల్లిదండ్రులు పొద్దున్నే కూలికి వెళ్లిపోతే, పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడు చేసేవారు. ఆ భవనాల యజమానులు వాళ్లను ఒకచోట కూర్చోబెట్టమని ఆమెను అడిగారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు యాభై మందికి పైగా చేరారు. ఆ బడికి కాసా దెయ్ బంబీని అని పేరు పెట్టారు. పిల్లల ఇల్లు అని అర్థం.

ఆ ఇంట్లో కుర్చీలు, బల్లలు పిల్లలంతే చిన్నవి. చేతులు కడుక్కునే తొట్టి వాళ్లకు అందే ఎత్తులో ఉండేది. అన్నిటికన్నా చూడవలసింది భోజనాల వేళ. నాలుగేళ్ల పిల్లలే బల్ల సర్దేవారు. పళ్లెంలో ఐదేసి గ్లాసులు పెట్టుకుని నడిచేవారు. వేడి సూప్ గిన్నె మోసుకెళ్లి తోటివారికి వడ్డించేవారు. కంచాలు పింగాణీవి, గ్లాసులు గాజువి. చూడవచ్చిన పెద్దలు ఎక్కడ పడేస్తారోనని ఊపిరి బిగబట్టేవారు. పిల్లలు మాత్రం ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లేవారు.

పసివాళ్లకు పగిలే వస్తువులు ఎందుకివ్వాలి? మాంటిస్సోరి ఆలోచన ఇది. రేకు గిన్నె కింద పడితే చప్పుడవుతుంది, అంతే. తీసి మళ్లీ వాడతాం. గాజు గ్లాసు పడితే పగులుతుంది, ఇక అది లేదు. అందులోనే పాఠం ఉంది, మధ్యలో ఎవరూ తిట్టనక్కర్లేదు. చేసిన పొరపాటును వస్తువే చెప్పాలని ఆమె కోరుకున్నారు. తేలికపాటి కుర్చీలు పెట్టించింది కూడా అందుకే. విసురుగా తగిలితే కుర్చీ పడిపోతుంది, నెమ్మదిగా నడిస్తే నిలబడుతుంది. కొన్నాళ్లకు కాళ్లూ చేతులూ వాటంతటవే అదుపులోకి వస్తాయి.

నీళ్లు తాగడమూ అంతే. మన ఇళ్లలో పసిపాపకు ఉగ్గుగిన్నెతో పట్టేవారు. ఇప్పుడు మూత ఉన్న సిప్పర్ ఇస్తున్నాం. ఎటు వంచినా నీళ్లు ఒలకవు కాబట్టి నేల పొడిగా ఉంటుంది. కాని ఎంత వంచాలో పాప చేతికి తెలిసే అవకాశం ఉండదు. గాజు గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో కంటికి కనిపిస్తుంది, గ్లాసు బరువు చేతికి తెలుస్తుంది. ఎక్కువ వంచితే మెడ తడుస్తుంది. రెండోసారి పాప తనే కాస్త తగ్గించి వంచుతుంది. ఆమె బాటలో నడిచే బడుల్లో పసివాళ్లకు ఈనాటికీ పిడికిట్లో పట్టే చిన్న గాజు గ్లాసులే ఇస్తారు.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు మన ఇళ్లలో గాజు సామాను పాత పేపర్లలో చుట్టి, పెట్టె మీద జాగ్రత్త అని రాస్తాం. పిల్లలెవరూ ముట్టుకోవద్దంటాం. ఏళ్ల తరబడి ముట్టుకోవద్దు అని మాత్రమే వినే చేతికి జాగ్రత్త ఎక్కణ్నుంచి వస్తుంది? మాంటిస్సోరి జీవితమంతా అడిగిన ప్రశ్న ఇదే.

1909లో ఆమె పుస్తకం వెలువడింది. 1915లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనలో గాజు గోడల తరగతి గది కట్టి, లోపల పిల్లలు పనిచేసుకోవడం జనానికి చూపించారు. కాని ఆమె జీవితం సుఖంగా సాగలేదు. మొదట ఆదరించిన ముస్సోలినీ ప్రభుత్వంతో పొసగక, ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. స్పెయిన్‌లో ఉంటే 1936లో అంతర్యుద్ధం మొదలైంది. అక్కణ్నుంచి నెదర్లాండ్స్ చేరారు.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద కుమారుడు మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చారు. అప్పటికి ఆమె వయసు 69. మూడు వందల మందికి పైగా శిక్షణకు చేరారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులో వినిపించేవారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగేసరికి ఇటలీ వారంతా ఇక్కడ శత్రుదేశస్థులయ్యారు. మారియోను నిర్బంధించారు. ఆమెను అడయారు ఆవరణ దాటకూడదన్నారు. ఆమె 70వ పుట్టినరోజున మారియోను విడుదల చేశారు. తర్వాత కొంతకాలం కొడైకెనాల్‌లో ఉన్నారు. మూడేళ్ల లోపు పసివాళ్ల మీద ఆమె దృష్టి మరింతగా నిలిచింది ఈ దేశంలోనే. 1946లో వెళ్లి, మరుసటి ఏడాదే మళ్లీ వచ్చి శిక్షణ కొనసాగించారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్‌లో కన్నుమూశారు.

పిల్లలూ! మీ ఇంట్లో నడక నేర్చిన తమ్ముడో చెల్లెలో ఉంటే, అమ్మానాన్నలను అడిగి ఒక పని చేయండి. మందంగా ఉన్న చిన్న గాజు గ్లాసులో రెండు గుక్కల నీళ్లు పోయండి. పాపను నేల మీద కూర్చోబెట్టి, మీరు రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తాగి చూపించండి. తర్వాత తన చేతికివ్వండి. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఒలికితే తుడవడానికి ఒక గుడ్డ పాపకే ఇవ్వండి. పగిలితే పాపను దూరంగా ఎత్తుకోండి, ముక్కలు పెద్దవాళ్లు తీస్తారు. తిట్టకండి. మర్నాడు ఇంకో గ్లాసు ఇవ్వండి.