8 వేల డాలర్ల ‘మొండి’ గుర్రం.. అమెరికానే ఊపేసింది! తెర వెనక మనిషి టామ్ స్మిత్ కథ తెలుసా?

పందెంలో గెలిచిన గుర్రం పేరు అందరికీ గుర్తుంటుంది. ఎక్కిన జాకీ ఫొటో పేపర్లో వస్తుంది. డబ్బు పెట్టిన ఓనర్ కప్పు అందుకుంటాడు. మరి తెల్లవారకముందే లేచి, గుర్రం కాళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసి, ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ వాపు వచ్చిందో కనిపెట్టే ట్రైనర్ సంగతేంటి? ఆయన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

అలాంటి వాళ్లలో ఒకరు టామ్ స్మిత్. 1930ల్లో అమెరికాను ఊపేసిన సీబిస్కెట్ అనే గుర్రాన్ని తయారుచేసింది ఆయనే. 2003లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘సీబిస్కెట్’ చూసినవాళ్లకు క్రిస్ కూపర్ వేసిన ఆ టోపీ పెద్దాయన పాత్ర గుర్తుండే ఉంటుంది. అసలు మనిషి కథ అంతకన్నా ఆసక్తిగా ఉంటుంది.

మాట తక్కువ.. చూపు ఎక్కువ

స్మిత్ 1878లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ గుర్రాలతోనే జీవితం. పశువుల మందలు తోలారు, అడవి గుర్రాలను మచ్చిక చేశారు, కొలరాడోలోని ఓ పెద్ద పశువుల క్షేత్రంలో ఏళ్ల తరబడి పనిచేశారు. లాడాలు కొట్టడం దగ్గర్నుంచి గాయానికి కట్టు కట్టడం దాకా ఆయనకు రాని పని లేదు.

కార్లు వచ్చాయి. గుర్రాలతో పని తగ్గిపోయింది. స్మిత్ లాంటి కౌబాయ్‌లకు బతుకుదెరువు కష్టమైంది. అప్పుడు చార్లీ ఇర్విన్ అనే సర్కస్ తరహా షోల యజమాని దగ్గర చేరారు. ఇర్విన్‌కు పందెం గుర్రాలు కూడా ఉండేవి. స్మిత్ పందేల లోకంలోకి అడుగుపెట్టింది అక్కడే.

ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవారు కాదు. అందుకే ‘సైలెంట్ టామ్’ అని పేరు పడింది. రిపోర్టర్లు పది ప్రశ్నలు అడిగితే ఒక ముక్క జవాబు వచ్చేది. గుర్రం దగ్గర మాత్రం గంటల తరబడి కదలకుండా కూర్చుని, దాన్నే చూస్తూ ఉండేవారు.

మొదట్లో ఒక్క గుర్రమే

1934లో ఇర్విన్ కారు ప్రమాదంలో చనిపోయారు. స్మిత్ ఉద్యోగం పోయింది. వయసు అప్పటికే 55 దాటింది. మెక్సికోలోని టిజువానా రేస్‌కోర్స్‌లో, గుర్రాలు కట్టేసే కొట్టంలోనే మకాం పెట్టి, చేతిలో ఉన్న ఒక్క గుర్రాన్నే చూసుకుంటూ రోజులు గడిపారు.

ఆ సమయంలోనే కాలిఫోర్నియాలో బ్యూక్ కార్లు అమ్మి కోట్లు గడించిన చార్లెస్ హోవర్డ్‌కు ఆయన గురించి తెలిసింది. గుర్రాల పని పోగొట్టింది కార్లే. గుర్రాల మనిషికి మళ్లీ పని ఇచ్చింది కూడా కార్ల వ్యాపారే. విచిత్రంగా లేదూ?

రెండు వైపులా తప్పుగా అర్థమైన గుర్రం

1936 వేసవి. బోస్టన్ దగ్గరి సఫక్ డౌన్స్ రేస్‌కోర్స్‌లో స్మిత్ కంట్లో ఒక గుర్రం పడింది. పొట్టిగా ఉంది. మోకాళ్లు సరిగా లేవు. నడక కూడా అంతంతమాత్రమే. దాని రికార్డు చూస్తే మరీ దారుణం. మొదటి 17 పందేల్లో ఒక్కటీ గెలవలేదు. రెండేళ్ల వయసులోనే 35 సార్లు పరుగెత్తించారు.

అదే సీబిస్కెట్. తాత మామూలోడు కాదు, అమెరికా పందేల చరిత్రలోనే గొప్పదిగా చెప్పుకునే మ్యాన్ ఓ వార్. కానీ మనవడిని సోమరిపోతు అనుకున్నారు. అప్పటి ట్రైనర్ సన్నీ జిమ్ ఫిట్జ్‌సిమన్స్ కూడా చిన్నవారేం కాదు, దేశంలోనే పేరున్న మనిషి. ఆయన స్టేబుల్లో మేటి గుర్రాలు చాలా ఉండేవి. ఆ గుంపులో ఈ గుర్రం లోపల ఏముందో చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

స్మిత్‌కు ఆ తీరిక ఉంది. ఆయన మాట మీద హోవర్డ్ 8 వేల డాలర్లకు సీబిస్కెట్‌ను కొన్నారు.

మందు కాదు.. తోడు కావాలి

వచ్చిన కొత్తలో సీబిస్కెట్ బాగా చిక్కిపోయి ఉంది. కొట్టంలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. జీను చూస్తే చెమటలు పట్టేవి. దగ్గరికి వెళ్తే కరవడానికి వచ్చేది. చాలామంది అయితే కొరడా తీసేవాళ్లు. స్మిత్ ఆ పని చేయలేదు.

ముందు తోడుగా ఒక మేకను పెట్టారు. సీబిస్కెట్ దాన్ని నోటితో పట్టుకుని కొట్టం బయటికి విసిరేసింది! తర్వాత పంప్‌కిన్ అనే నెమ్మదైన పసుపు రంగు గుర్రాన్ని తెచ్చారు. ఇద్దరికీ కుదిరింది. మధ్యలో గోడ తీసేసి రెండు కొట్టాలను ఒకటి చేశారు. ఆ తర్వాత పొకటెల్ అనే వీధికుక్క, జోజో అనే కోతి కూడా ఆ ఇంట్లో చేరాయి.

మంచి ఎండుగడ్డి, ఓట్స్ పెట్టారు. కాళ్లకు తైలంతో మర్దన చేసి కట్లు కట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, పొద్దున ఎంతసేపు పడుకోవాలనిపిస్తే అంతసేపు పడుకోనిచ్చారు. ట్రాక్ మీద కొరడా పక్కన పెట్టి, దానికి ఇష్టమైనట్టు పరుగెత్తమని వదిలేశారు. పరుగు అంటే శిక్ష కాదని గుర్రానికి అర్థమయ్యాకే అసలు శిక్షణ మొదలైంది.

జాకీ ఎంపిక కూడా అలాగే. రెడ్ పోలార్డ్‌కు అప్పట్లో పెద్ద పేరు లేదు. ఒక కన్ను కనిపించదు, ఆ సంగతి అతను రహస్యంగా దాచుకున్నాడు. కానీ గుర్రం అతన్ని దగ్గరికి రానిచ్చింది. స్మిత్‌కు అది చాలు.

గంట మోగితే దూకాల్సిందే

1937లో వార్ అడ్మిరల్ అనే గుర్రం ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. అది మ్యాన్ ఓ వార్ కొడుకు, అంటే వరసకు సీబిస్కెట్‌కు బాబాయి! ఇద్దరికీ ముఖాముఖి పందెం పెట్టాలని దేశమంతా పట్టుబట్టింది.

వార్ అడ్మిరల్‌కు స్టార్టింగ్ గేట్ అంటే చిరాకు. అందుకే గేట్ లేకుండా, నడుచుకుంటూ వచ్చి గంట మోగగానే పరుగెత్తాలని ఒప్పందం కుదిరింది. ఆ పద్ధతిలో మెరుపులా దూకడం వార్ అడ్మిరల్ ప్రత్యేకత. సీబిస్కెట్ వెనకబడిపోతుందని అందరూ అనుకున్నారు.

స్మిత్ మాట్లాడకుండా తన పని తాను చేసుకుపోయారు. సొంతంగా ఒక గంట తయారుచేసి, అది మోగిన ప్రతిసారీ సీబిస్కెట్ దూకేలా అలవాటు చేశారు. గూఢచారుల్లా తిరిగే రిపోర్టర్ల కంట పడకుండా రాత్రిళ్లు ప్రాక్టీస్ పెట్టేవారు. అచ్చం సీబిస్కెట్‌లా ఉండే గ్రాగ్ అనే గుర్రాన్ని చూపించి వాళ్లను బోల్తా కొట్టించేవారు.

1938 నవంబర్ 1, బాల్టిమోర్‌లోని పిమ్లికో. పోలార్డ్ కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. అతని స్నేహితుడు జార్జ్ వుల్ఫ్ జీను ఎక్కాడు. గంట మోగింది. ముందుకు దూసుకెళ్లింది సీబిస్కెట్! మధ్యలో వార్ అడ్మిరల్ వచ్చి పక్కన చేరినా, చివరికి 4 లెంగ్త్‌ల తేడాతో సీబిస్కెట్‌దే గెలుపు. దాదాపు 1.9 కిలోమీటర్ల దూరం, 1 నిమిషం 56.6 సెకన్లు. అది ఆ ట్రాక్ రికార్డు. ఆర్థిక మాంద్యంతో నలిగిపోయిన జనం రేడియోల ముందు పండగ చేసుకున్నారు.

కుంటి గుర్రం.. కుంటి జాకీ

1939 ఆరంభంలో సీబిస్కెట్ ముందు కాలి లిగమెంట్ దెబ్బతింది. ఇక పని అయిపోయిందన్నారు. హోవర్డ్ క్షేత్రంలో గుర్రం, పోలార్డ్ కలిసే కోలుకున్నారు. మొదట నడక, తర్వాత నెమ్మదిగా పరుగు. స్మిత్ మళ్లీ ట్రాక్ మీదికి తెచ్చినప్పుడు సీబిస్కెట్‌కు ఏడేళ్లు.

1940 మార్చి 2. లక్ష డాలర్ల శాంటా అనిటా హ్యాండిక్యాప్. 1937లో, 1938లో రెండుసార్లూ ముక్కు అంత తేడాతో చేజారిన పందెం ఇది. ఈసారి పోలార్డే ఎక్కాడు. గెలిచారు! సీబిస్కెట్ మొత్తం సంపాదన 4,37,730 డాలర్లకు చేరింది. అప్పటికి అది రికార్డు.

ఒక స్ప్రే.. ఏడాది నిషేధం

ఆ తర్వాత స్మిత్ సౌందర్య సాధనాల వ్యాపారి ఎలిజబెత్ ఆర్డెన్ దగ్గర చేరారు. 1945లో పెద్ద దెబ్బ తగిలింది. పందేనికి ముందు ఒక గుర్రం ముక్కులో ఆయన సైస్ ఎఫెడ్రిన్ మందు కొట్టడం అధికారులు చూశారు. అంత కొద్ది మందుతో గుర్రం వేగం మారదని ఆయన తరఫున వాదించారు. అధికారులు వినలేదు. స్టేబుల్లో ఎవరు ఏం చేసినా ట్రైనర్‌దే బాధ్యత అన్నారు. ఏడాది నిషేధం పడింది. జీవితమంతా గుర్రం మేలు చూసిన మనిషికి 67 ఏళ్ల వయసులో మోసగాడన్న ముద్ర!

ఆర్డెన్ మాత్రం ఆయన్ని వదులుకోలేదు. నిషేధం ముగిశాక మళ్లీ పిలిచారు. 1947 మే 3న ఆమె గుర్రం జెట్ పైలట్ కెంటకీ డెర్బీ గెలిచింది. ట్రైనర్ టామ్ స్మిత్. సరిగ్గా రెండు వారాలకే, మే 17న, హోవర్డ్ క్షేత్రంలో సీబిస్కెట్ కన్నుమూసింది.

స్మిత్ 1957లో కాలిఫోర్నియాలో చనిపోయారు. 1958లో సీబిస్కెట్‌కు అమెరికా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. దాన్ని తయారుచేసిన మనిషి పేరు అక్కడికి చేరింది 2001లో. అంటే 43 ఏళ్లు ఆలస్యంగా!

ఇంతకీ స్మిత్ చేసిన మాయ ఏంటి? మాయేం లేదు. పరుగెత్తని గుర్రాన్ని చూసి అందరూ సోమరి అన్నారు. ఆయన మాత్రం దానికి నొప్పి ఎక్కడో, భయం ఎందుకో వెతికారు. అది దొరికేదాకా పక్కనే కూర్చున్నారు. అంతే!