యుద్ధభూమి వైద్యుడు డొమినిక్ లారే

నెపోలియను చక్రవర్తి పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. ఆయన గెలిచిన యుద్ధముల తేదీలను చరిత్ర పరీక్షకై మనమందఱము వల్లించినవారమే. ఆ యుద్ధములలో కాలుసేతులు పోగొట్టుకొని నేలగూలిన వేలకొలది సామాన్య సైనికులు ఏమైరో మన పుస్తకములు సాధారణముగా చెప్పవు. వారిని గూర్చి చింతించినవాడొకడు ఆ సైన్యమునందే యుండెను. ఆయన సేనాపతి కాడు, మంత్రి కాడు, శస్త్రవైద్యుడు. ఆయన పేరు డొమినిక్ ఝాన్ లారే. ఆ మహనీయుని జీవితమును ఈ సంచికలో మా చదువరులకు పరిచయము చేయబూనితిమి.

లారే 1766వ సంవత్సరము జూలై నెలలో ఫ్రాన్సు దేశపు దక్షిణమున పిరనీస్ పర్వతముల చెంతనున్న బోదేయాన్ అను చిన్న గ్రామమున జన్మించెను. 13వ యేట తలిదండ్రులు లేనివాడయ్యెను. తండ్రికి తోడబుట్టిన అలెక్సిస్ అనునాయన తులూజ్ నగరమున పేరుపొందిన శస్త్రవైద్యుడు. బాలుడు ఆయన యింట పెరిగి, ఆయనయొద్దనే వైద్యవిద్య నభ్యసించెను. పిదప పారిస్ నగరము చేరి, 1787లో నౌకాదళ వైద్యుడై యొక యోడలో ఉత్తర అమెరికా తీరమునకు పోయివచ్చెను. కాని సముద్రప్రయాణము ఆయన దేహమునకు సరిపడకపోయెను. తిరిగివచ్చి, ఆ కాలమున పారిస్‌లో గొప్ప గురువగు దెసో అను వైద్యునియొద్ద శిష్యుడయ్యెను.

1792వ సంవత్సరమున ఫ్రాన్సునకు ఇరుగుపొరుగు రాజులతో యుద్ధము సంభవింపగా లారే రైన్ నదీతీరమున నున్న సైన్యమునకు వైద్యుడుగా పోయెను. అక్కడ ఆయన చూచినది ఆయన జీవితమునకు దారి చూపినది. ఆనాటి నిబంధనల ప్రకారము వైద్యులును వారి బండ్లును పోరు జరుగు చోటికి సుమారు 3 మైళ్లు వెనుకగా నిలువవలెను. పోరు ముగిసిన పిమ్మటనే గాయపడినవారిని ప్రోగుచేయుట యాచారము. బరువైన బండ్లు, చెడిన బాటలు. వైద్యుడు వచ్చునప్పటికి 24 గంటలో 36 గంటలో గడచిపోవుచుండెను. బురదలో పడియున్న మనుష్యుడు అంతకాలము దప్పికతోను రక్తస్రావముతోను పెనగులాడవలసినదే. గెలిచిన సైన్యములోనివారి గతియే ఇట్లుండగా, ఓడి వెనుదిరిగిన సైన్యము తనవారిని శత్రువుల దయకు విడిచిపోవుచుండెను.

ఆ సైన్యమునందే గుఱ్ఱములు లాగెడి తేలిక ఫిరంగులు కొన్ని యుండెడివి. అవి క్షణములో ఒకచోట మ్రోగి మఱుక్షణమున మఱియొకచోటికి పరుగెత్తెడివి. మనుష్యులను చంపెడి యంత్రము ఇంత వేగముగా పోగలిగినప్పుడు బ్రదికించెడి వైద్యుడు ఏల పోలేడని లారేకు తోచెను. ఇది మనకు నేడు చాల సులభమైన యాలోచనగా కనబడును. కాని అంతవఱకు ఆ ఫిరంగులను చూచిన వేలమందిలో ఎవరికిని అది తోచలేదు. ఆయన తన సేనాపతియగు కుస్తీన్‌తో ఈ సంగతి విన్నవించి, సెలవు పొంది, తన బండ్లను సిద్ధము చేయింప నారంభించెను. వానికి ఎగిరెడి అంబులెన్సులని పేరు వచ్చెను.

ఈ బండ్లను గూర్చి కొంచెము వివరముగా చెప్పుదుము. 1797లో ఇటలీయందు లారే ఏర్పఱచిన దళమున మూడు విభాగములును, మొత్తము 340 మంది మనుష్యులును ఉండిరి. చిన్నబండికి రెండు చక్రములు, రెండు గుఱ్ఱములు. అందు ఇద్దఱు పరుండవచ్చును. పెద్దదానికి నాలుగు చక్రములు, నాలుగు గుఱ్ఱములు, అందు నలుగురు. గాలి వచ్చుటకు ప్రక్కల కిటికీలు, కుదుపు తగ్గించుటకు స్ప్రింగులు అమర్చబడినవి. పఱుపు నిలిపిన అడుగుపలక చిన్న చక్రములపై వెలుపలికి జరుగును. కావున విఱిగిన కాలు గలవానిని ఎత్తి కుదిలింపకయే లోనికి త్రోయవచ్చును. ఇక మనుష్యుల మాట. వైద్యులు, సహాయవైద్యులు, మందులవారు, కట్లు కట్టువారు మాత్రమే చాలరని లారే యెఱుగును. గుఱ్ఱమునకు నాడా ఊడినచో వైద్యుని నైపుణ్యమంతయు బాటప్రక్కన నిలిచిపోవును. అందుచేత నాడాలు కొట్టు కమ్మరిని, జీనులును కళ్లెములును బాగుచేయు పనివానిని గూడ ఆయన తన దళమున చేర్చెను. ఎవరి పని యేదో, ఎవరి చేతిలో ఏ సామగ్రి యుండవలెనో ముందుగనే నిర్ణయింపబడెను. మా అభిప్రాయమున లారే చేసిన గొప్పపని బండి కాదు, ఈ కూర్పే.

న్యాయమునకు మఱియొక పేరు గూడ చెప్పవలెను. అదే కాలమున పెర్సీ యను మఱియొక ఫ్రెంచి వైద్యుడు వైద్యులను పోరు దగ్గఱకు చేర్చు బండ్లను, తరువాత డోలీలు మోయు దళములను ఏర్పఱచెను. లారే బండ్లు సైన్యమున కంతటికి ఎన్నడును చాలలేదు. అవి ముఖ్యముగా చక్రవర్తి అంగరక్షకదళముతోనే తిరిగినవి. ఆ దినములలో అంబులెన్సు అనగా సైన్యముతో నడచు ఆసుపత్రి యని యర్థము. నేడు 108కి ఫోను చేయగా మన యూళ్లకు వచ్చెడి వాహనమునకు అదే పేరు నిలిచినది.

వైద్యుడు పోరు మధ్యకు వచ్చిన పిదప మఱియొక చిక్కు పుట్టెను. ఒక్కసారిగా నూఱుమంది కేకలు వేయుచుండ మొదట ఎవరిని చూడవలెను? అంతవఱకు మొదటి వంతు అధికారులది. లారే ఈ వాడుకను త్రోసివేసెను. ఎవని గాయము ప్రాణాపాయకరమో వానిదే మొదటి వంతు. హోదా గాని, దేశము గాని లెక్కకు రాదని ఆయన కట్టడి చేసెను. స్వల్పగాయములు గల సేనాని కూర్చుండి వేచియుండవలెను, చావబోవు శత్రుసైనికుడు ముందు బల్లయెక్కవలెను. నేటికిని ప్రపంచమున ఏ పెద్ద ఆసుపత్రియొక్క అత్యవసర విభాగమునకు పోయినను రోగులను మొదట గాయపు తీవ్రతను బట్టి వేఱుచేయుట మనము చూడవచ్చును.

ఆయన చికిత్సలు నేటి కన్నులకు ఘోరముగా తోచును. ఈథరు మత్తు ప్రపంచమునకు తెలిసినది 1846లో. లారే అప్పటికి కీర్తిశేషుడు. సూక్ష్మక్రిముల సంగతి ఎవరికిని తెలియదు. గుండు తగిలి నలిగిన చేయి గాని కాలు గాని కుళ్లినచో మనిషి దక్కడు. ఛేదింపవలసినచో ఎప్పుడు ఛేదింపవలెనను విషయమున వైద్యులకు వాదములుండెను. కొన్ని వారములు ఆగుట మంచిదని పలువురు చెప్పుచుండిరి. లారే తాను చూచిన రోగులను జాగ్రత్తగా వ్రాసి పెట్టుకొని, మొదటి 24 గంటలలో ఛేదించినవారే యెక్కువగా బ్రదుకుచున్నారని నిశ్చయించెను. మత్తు లేదు కావున వేగమే దయ. 1811లో పారిస్‌నందు ఫానీ బర్నీ యను ఆంగ్ల రచయిత్రికి రొమ్మున గడ్డ లేవగా లారేయే దానిని తీసివేసెను. ఆమె స్పృహతోనే దాని నంతయు భరించి, తరువాత తన సోదరికి వ్రాసిన లేఖలో ఆ దినమును వర్ణించెను. పని ముగిసినప్పుడు వైద్యుని ముఖము గూడ వెలవెలబోయి యుండెనని ఆ లేఖవలన తెలియుచున్నది. ఆమె 1840 వఱకు జీవించెను.

1798లో లారే నెపోలియనుతో ఈజిప్టు దేశమునకు పోయెను. ఇసుకలో బండ్లు సాగవు. వెంటనే ఒంటెల యిరుప్రక్కల వ్రేలాడు పెట్టెలను కట్టించి, అందు క్షతగాత్రులను పరుండబెట్టి నడిపించెను. 1801లో అలెగ్జాండ్రియా దగ్గఱ సిలీ యను సేనాని మోకాలు గుండు తగిలి చితికిపోయెను. లారే పోరు నడుమనే ఆ కాలు తీసివేయునంతలో ఇంగ్లీషు గుఱ్ఱపుదళము మీదికి వచ్చుచుండెను. ఆయన రోగిని భుజములపై వేసికొని గుంటలతో నిండిన యొక తోటమీదుగా పరుగెత్తెను. గుఱ్ఱములు ఆ గుంటలను తప్పించుకొని చుట్టు తిరిగి వచ్చులోపల ఇద్దఱును తమవారిని చేరుకొనిరి.

1809 మే నెలలో డాన్యూబు నది నడుమనున్న లోబౌ ద్వీపమున వేలకొలది గాయపడినవారు తిండిలేక చిక్కుకొనిరి. లారే గుఱ్ఱములను కోయించి పులుసు కాయించెను. పాత్రలు లేకపోగా ఆశ్వికుల ఉక్కుకవచములలో వండించెను. ఉప్పునకు బదులు తుపాకిమందు వేయించెను. కోయబడిన గుఱ్ఱములలో అధికారులవియు కొన్ని యుండుటచే వారు చక్రవర్తియొద్ద మొఱపెట్టుకొనిరి. చక్రవర్తి విచారించి వైద్యుని పక్షమే వహించెను. ఆ యేడే లారేకు బారన్ అను బిరుదు లభించెను.

1812 నాటి రష్యా దండయాత్ర సంగతి మన విద్యార్థులెఱుగుదురు. బొరొదినో పోరునందు లారే ఒక దినరాత్రములలో సుమారు 200 అంగచ్ఛేదములు చేసెను. తిరుగుప్రయాణమున, నవంబరు నెలలో, బెరెజీనా నదిపై హడావిడిగా కట్టిన వంతెనపై జనము త్రొక్కిసలాడి నీటబడుచుండెను. ఆవలియొడ్డు చేరిన లారే, శస్త్రసామగ్రి వెనుక నిలిచిపోయినదని మరల ఈవలికి వచ్చి ఆ గుంపులో చిక్కుకొనెను. ఎవడో ఆయనను గుర్తుపట్టెను. అంతట ఆకలితోను చలితోను మృగప్రాయులై యొకరినొకరు త్రోసికొనుచున్న ఆ సైనికులే ఆయనను తలలపై నెత్తి, చేతినుండి చేతికి అందించుచు వంతెన దాటించిరి. ఆ వంతెనమీద అట్టి మర్యాద సేనానులలో ఎవరికైన దక్కియుండునా యని మాకు సందేహము.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష 1813లో వచ్చినది. లూట్జెన్, బౌట్జెన్ పోరుల పిదప రెండువేలకు పైబడిన యువసైనికులు చేతులకు, వ్రేళ్లకు గాయములతో ఆసుపత్రులు చేరిరి. వీరు యుద్ధము తప్పించుకొనుటకై తమ చేతులను తామే కాల్చుకొనిరని కొందఱు అధికారులు చక్రవర్తికి నూరిపోసిరి. చక్రవర్తి ఉగ్రుడై, కొందఱిని ఏర్చి తక్కినవారికి బెదురు కలుగునట్లు కాల్చివేయింప నిశ్చయించెను. లారే ఎదురునిలిచి, పరీక్షింపనిదే వారు దోషులని చెప్పరాదని వాదించెను. విచారణసంఘమొకటి ఏర్పడగా దానికి ఆయనయే ముఖ్యుడయ్యెను.

కొన్నిదినములు రాత్రింబగళ్లు ఆయన ఒక్కొక్కని చేయిపట్టి చూచి, ఒక్కొక్కని గాయమును గూర్చి వేఱువేఱుగా వ్రాసియుంచెను. దోషులు దొరకవలెనని పెద్దలు కాచుకొనియున్నారు. దొరకలేదని చెప్పినచో తన పదవికే ముప్పు. అయినను తాను చూచినదే వ్రాసెను. ఒక్కనియందును నేరము రుజువు కాలేదు. కారణము గూడ ఆయన కనుగొనెను. ఆ పడుచువాండ్రు చాలినంత శిక్షణ లేనివారు. మూడువరుసలుగా నిలిచి కాల్చునప్పుడు వెనుకవరుసవాని తుపాకిగుండు ముందువాని చేతిని తాకుచుండెను. లారే ఆ నివేదికను స్వయముగా చక్రవర్తి చేతికిచ్చెను. నెపోలియను దానిని చదివి, కొంతసేపు పచారుచేసి, తుదకు సత్యము నంగీకరించెను. కాల్చివేతలు ఆగిపోయెను. చక్రవర్తి లారేకు బహుమానమును, 3,000 ఫ్రాంకుల వార్షికవేతనమును ప్రసాదించెను. బహుమానము మాట యటుండనిండు. ఎన్ని గ్రామములలో ఎందఱు తల్లులకు ఆ నివేదికవలన కొడుకులు దక్కిరో!

1815 జూన్ 18వ తేదీన వాటర్లూ పోరు ముగిసినప్పుడు లారే గాయపడి ప్రష్యా సైనికులకు చిక్కెను. ఆయన రూపును, ధరించిన కోటును చూచి వారు నెపోలియనే యని భ్రమించిరి. భ్రమ తీఱినపిదప కోపముతో కాల్చివేయ నాజ్ఞయయ్యెను. కన్నులకు గంత కట్టుటకై వచ్చిన వైద్యుడు ఆయన ముఖము చూచి నిలిచిపోయెను. బెర్లినునందు లారే యిచ్చిన ఉపన్యాసములను అతడు శిష్యుడై వినియుండెను. అతడు పరుగున పోయి పై యధికారులకు నివేదించెను. బంధీ ప్రష్యా సేనాధిపతి బ్లూకర్ ఎదుటికి తేబడెను. పూర్వమొక యుద్ధమున గాయపడి ఫ్రెంచివారికి చిక్కిన బ్లూకర్ కుమారునికి చికిత్సచేసి కాపాడినవాడు ఈ లారేయే. బ్లూకర్ ఆయనను విందునకు పిలిచి, రక్షకభటులను తోడిచ్చి పంపివేసెను.

తరువాతి సంవత్సరములను గూర్చి చెప్పవలసినది కొంచెమే. క్రొత్త రాజులు కొంతకాలము ఆయన వేతనమును నిలిపివేసి, మరల నిచ్చిరి. సెయింటు హెలీనా ద్వీపమున 1821లో మరణించిన నెపోలియను తన మరణశాసనమున లారేకు లక్ష ఫ్రాంకులు వ్రాసి, తానెఱిగినవారిలో ఆయనయే మిక్కిలి సద్గుణవంతుడని పేర్కొనెను. 1830 జూలైలో పారిస్‌నందు తిరుగుబాటు చెలరేగి, అల్లరిమూక ఆసుపత్రిలో నున్న రాజుగారి సైనికులను అప్పగింపుమని ద్వారమునకు రాగా, 64 యేండ్ల లారే వారికి అడ్డముగా నిలిచి, గాయపడినవారు తనవారని చెప్పి త్రిప్పిపంపెను.

1842లో, 76వ యేట సమీపించినను, ఆయన అల్జీరియాలోని సైనిక ఆసుపత్రులను పరీక్షింప కుమారుడు ఇపోలీతుతో బయలుదేరెను. ఆ కుమారుడును శస్త్రవైద్యుడే. తిరుగుప్రయాణమున రోగపీడితుడై, జూలై 25వ తేదీన లియోన్ నగరమున కన్నుమూసెను. ఇంచుమించు అదే సమయమున ఇంటియొద్ద ఆయన భార్య షార్లొత్ గూడ మరణించెను. 1794లో వివాహమాడిన ఆమె చిత్రకారిణి. సగము జీవితము భర్త యుత్తరములకై యెదురుచూచుటలో గడపినది. లారే దేహము పారిస్‌నందలి పేర్ లషేజ్ శ్మశానమున ఖననము చేయబడెను. 150 సంవత్సరముల పిదప, 1992లో, ఫ్రెంచి ప్రభుత్వము ఆయన అస్థికలను అందుండి తీయించి ఇన్వలీడ్ మందిరమునకు చేర్చినది. గాయపడిన సైనికుల కొఱకు పూర్వపు రాజులు కట్టించిన యిల్లది. నెపోలియను సమాధియు అక్కడనే యున్నది.