పల్లె పిల్లలకు పట్నంలో నీడ

మేడిపల్లి: ఊరి బడి చదువు అయిపోయిన పిల్లవాణ్ణి పట్నం పంపాలంటే ఫీజు కంటే ముందు బస, తిండి ఎదురొస్తాయి. కన్నవారు లేని పిల్లలకైతే మరీ కష్టం. నిజాం రాజ్యంలో ఈ బాధ ఎరిగిన అధికారి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి.

1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని అమ్మమ్మ చేతుల్లో పెరిగారు. పోలీసు శాఖలో చేరి 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయ్యారు. నిజాం ఏలుబడిలో ఆ పదవి హిందువుకు దక్కడం అదే మొదలు.

అంతకు రెండేళ్ల ముందే, 1918లో, చందాలు పోగుచేసి రెడ్డి హాస్టల్ పెట్టించారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. పల్లె పిల్లలు పట్నం బడిలో బిక్కమొహం వేసే రోజులవి. హాస్టల్‌లో వేళకు అన్నం, తెలుగు మాట్లాడే తోటివారు, తెలుగు పుస్తకాలు దొరికాయి. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి అక్కడే ఉండి చదివారు.

కులం పేరిట హాస్టలేమిటని అడగవచ్చు. ఆ అడగడం న్యాయమే. అదే పట్నంలో దళిత పిల్లల కోసం భాగ్యరెడ్డివర్మ వేరే బడులు పెట్టవలసి వచ్చింది.

వెంకటరామారెడ్డి గారు 1953లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆయన పేరిట నారాయణగూడలో ఆడపిల్లలకు కళాశాల వెలిసింది.