ప్రేమ్ మాథుర్

ప్రేమ్ మాథుర్ (మరణము: 1992) భారతదేశములో వాణిజ్య విమానసంస్థలో పైలట్‌గా పనిచేసిన తొలి మహిళ. ఈమెకు ఆ ఉద్యోగము ఇచ్చినది హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయము కేంద్రముగా నడచిన దక్కన్ ఎయిర్‌వేస్. విమానము నడుపుటకు అర్హత సంపాదించిన తరువాత, ఆ అర్హతను విమానసంస్థలు అంగీకరించుటకు ఈమె ఎక్కువగా పోరాడవలసి వచ్చింది.

నేపథ్యము

1903లో రైట్ సోదరులు ఇంజను గల విమానమును ఎగురవేశారు. ఏడేళ్ళకే, 1910లో, ఫ్రాన్సు దేశస్థురాలు రేమోండ్ డి లారోష్ పైలట్ లైసెన్సు పొందింది. భారతదేశములో 1932లో ఊర్మిళా పారిఖ్‌కు లైసెన్సు లభించింది. 1936లో సరళా ఠుక్రాల్ ఒంటరిగా విమానము నడిపింది. అయితే పైలట్‌గా జీతము తీసుకొని పనిచేయుటకు ప్రత్యేకముగా వాణిజ్య లైసెన్సు కావాలి. సరళ దాని కొరకు ప్రయత్నించినది గాని, 1939లో భర్త మరణము, ఆ వెంటనే వచ్చిన రెండవ ప్రపంచ యుద్ధము వలన ఆ ప్రయత్నము ఆగిపోయింది.

ఇతర దేశములలో కూడ పరిస్థితి మెరుగుగా లేదు. అమెరికాలో 1934లో ఒక విమానసంస్థలో పైలట్‌గా చేరిన హెలెన్ రిచీకి పైలట్ల సంఘము సభ్యత్వము నిరాకరించింది. ఆమె 1935లో రాజీనామా చేసింది.

లైసెన్సు, ఉద్యోగ ప్రయత్నములు

ప్రేమ్ మాథుర్ అలహాబాదులో విమానము నడుపుట నేర్చుకొని 1947లో వాణిజ్య లైసెన్సు పొందింది. యుద్ధము ముగిసిన తరువాత సైన్యము అమ్మివేసిన డకోటా విమానములు చవకగా దొరకుటచే అప్పుడు దేశములో అనేక విమానసంస్థలు వెలిశాయి. పైలట్ల అవసరము ఉన్నప్పటికీ ఎనిమిది సంస్థలు ఈమెను తిరస్కరించాయి. చివరకు దక్కన్ ఎయిర్‌వేస్ అవకాశము ఇచ్చింది.

దక్కన్ ఎయిర్‌వేస్‌లో

నిజాం ప్రభుత్వము, టాటా సంస్థ కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. మరుసటి సంవత్సరము డకోటా విమానములతో ప్రయాణికుల సర్వీసులు మొదలయ్యాయి. రెండు ఇంజనులు గల డకోటాను ఇద్దరు పైలట్లు నడుపుతారు. ఎడమవైపు కూర్చొను కెప్టెన్‌దే తుది నిర్ణయము. వాతావరణము బాగులేనప్పుడు బయలుదేరవలెనా, వెనుకకు మరలవలెనా అన్నది అతడే చెప్పాలి. కుడివైపు కూర్చొనువారు కో-పైలట్. ప్రేమ్ మాథుర్ కో-పైలట్‌గా చేరింది.

కెప్టెన్ కావలెనన్నది ఈమె కోరిక. అందుకు అవసరమైన గంటలు నడిపినప్పటికీ సంస్థ విమానమును పూర్తిగా ఈమె చేతికి అప్పగించుటకు అంగీకరించలేదు. దానితో ఈమె హైదరాబాదు విడిచి ఢిల్లీ వెళ్ళింది.

తరువాతి జీవితము

1949లో ఈమె పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లాకు సొంత పైలట్‌గా పనిచేసింది. ఆ సంవత్సరమే జాతీయ విమాన పందెములో విజేతగా నిలిచింది. 1953లో విమానసంస్థల జాతీయీకరణముతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనది. ప్రేమ్ మాథుర్ 1992లో మరణించింది.

ప్రాముఖ్యత

అమెరికాలో హెలెన్ రిచీ తరువాత మరొక మహిళను ప్రయాణికుల విమానసంస్థ పైలట్‌గా తీసుకొనుట 1973లో గాని జరుగలేదు. దానితో పోల్చినచో 1940లలో బేగంపేటలో దొరికిన అవకాశము, పరిమితమైనదే అయినా, చాల ముందు వచ్చినట్లు. నేడు భారతదేశ పైలట్లలో మహిళలు సుమారు 15 శాతము. ఇది ప్రపంచ సగటుకు దాదాపు మూడు రెట్లు.

హైదరాబాదు ప్రాంతమునకు ఈ చరిత్రలో మరొక స్థానము కూడ ఉన్నది. భారత వైమానిక దళపు తొలి ముగ్గురు మహిళా యుద్ధవిమాన పైలట్లు యాప్రాల్ సమీపములోని హకీంపేట వైమానిక కేంద్రములో కిరణ్ విమానములపై శిక్షణ పొంది, 2016 జూన్ 18న దుండిగల్ అకాడమీ నుండి అధికారులుగా నియమితులైనారు. యుద్ధవిమానములో ఒంటరిగా కూర్చొని, నిర్ణయములన్నీ తామే తీసుకొనుట వారి ఉద్యోగములో భాగము.