క్రీడాగురువు సయ్యద్ అబ్దుల్ రహీం

గోలు సాధించిన ఆటగాని పేరు మైదానమంతటా మారుమ్రోగుతుంది. ఆ గోలుకు మార్గం చూపిన శిక్షకుడు మాత్రం గీతకు ఆవల మౌనంగా నిలిచి ఉంటాడు. ఆటగాని కీర్తి అతనిని చూచినవారి కన్నులలో నిలుస్తుంది. గురువు కీర్తి శిష్యుల విజయాలలో కలిసిపోతుంది. అందువల్ల గొప్ప గురువులను లోకం త్వరగా మరచిపోతుంది. అలా కొంతకాలం మరుగున పడిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాలోకం ఆయనను రహీం సాబ్ అని గౌరవంగా పిలుచుకున్నది.

మన రాయలసీమలో పచ్చిక మొలవని బడి మైదానాలు ఎన్నో ఉన్నాయి. ఎండకు కాగిన ఆ గట్టినేలపై చెప్పులు విడిచి బంతి వెంట పరుగెత్తే బాలురను మనం చూస్తూనే ఉంటాం. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టులోని క్రీడాకారులు కూడా ఇలాగే వట్టి కాళ్లతో ప్రపంచ వేదికపై నిలిచారు. అట్టి జట్టును ఆసియా శిఖరానికి చేర్చిన ఘనత రహీంకు దక్కింది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేస్తూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. అటుపై నగరంలోని స్థానిక జట్లకు కూడా ఆడారు. ఆయన మంచి ఆటగాడే కాని, దేశమంతా చెప్పుకొనే ఆటగాడు కాదు. జీవనోపాధికి ఉపాధ్యాయ వృత్తిని ఎన్నుకొని నగరంలోని పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ కూడా పొందారు. ఆటను ఆడి తెలుసుకోవడం ఒక ఎత్తు. ఎదుటివానికి అర్థమయ్యేటట్లు నేర్పడం మరొక ఎత్తు. తరగతి గదిలో అలవడిన ఓర్పు, విద్యార్థి లోపాన్ని పసిగట్టే చూపు, క్రమశిక్షణ ఆయనకు మైదానంలో పెట్టుబడి అయ్యాయి.

1940ల తొలి సంవత్సరాలలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి బాధ్యత ఆయనకు లభించింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకులైనారు. ఆనాడు ఫుట్‌బాల్ అనగానే అందరికీ కలకత్తా గుర్తుకు వచ్చేది. ఆ స్థితిలో సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొని దేశాన్ని ఆశ్చర్యపరిచింది.

ఈ విజయాలకు మూలం రహీం బోధనా విధానం. ఆనాటి ఆటగాళ్లలో చాలామందికి బంతిని తమ వద్దనే ఉంచుకొని, ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ పోవడంలో మక్కువ ఎక్కువ. చూపరులకు అది కనువిందే. జట్టుకు మాత్రం నష్టం. దీనిని రహీం ఉపన్యాసాలతో మాన్పించలేదు. బంతిని వెంట నడిపించుకుపోవడం నిషిద్ధమైన పోటీలను నిర్వహించారు. ఆ పోటీలలో బంతి అందగానే తోటివానికి అందించడం తప్ప ఆటగానికి వేరే దారి ఉండదు. అట్లే బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను కూడా ఏర్పాటు చేశారు. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే బంతిని తన్నాలి. భారతంలో అర్జునుడు రెండు చేతులతోనూ బాణాలను సంధించగల నేర్పు వల్ల సవ్యసాచి అయినాడు. రహీం తన శిష్యుల కాళ్లకు ఆ నేర్పును అలవరచదలచారు. లోపాన్ని దాచుకోరాదు, దానినే సాధన చేయాలి అన్నది ఆయన సిద్ధాంతం.

బీదరికం ప్రతిభకు అడ్డు కారాదని కూడా ఆయన నమ్మారు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేద కుటుంబంలో పుట్టిన యువకుడు. అతని ఆటను గమనించిన రహీం అభ్యాసానికి రమ్మన్నారు. అంతదూరం వచ్చే స్తోమత అతనికి లేదని తెలిసి, సైకిలు అద్దెకు డబ్బు తామే సమకూర్చారు. ఆ యువకుడే తరువాతి కాలంలో భారతదేశపు మేటి ఫార్వర్డులలో ఒకడైనాడు.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలోని భారత జట్టు తుదిపోటీలో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించింది. ఆ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో మన జట్టు ఘోర పరాజయం పొందింది. మనవారిలో పలువురు బూట్లు లేకుండానే ఆ చలిదేశంలో ఆడారు. ఆ ఓటమి తరువాత క్రీడాకారులు బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. అటువంటి పరాభవం వేరొకరినైతే క్రుంగదీసేది. రహీం దానిని పాఠంగా స్వీకరించారు. వేగంగా బంతిని అందించుకోవడం, ఆటగాళ్ల స్థానాలను అవసరాన్ని బట్టి మార్చడం, శరీర దారుఢ్యాన్ని పెంచడం మొదలైన వానిపై దృష్టి నిలిపారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు మారింది. అదే నెలలో మెల్‌బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనాయి. భారత జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు అనేకులు ఉన్నారు. మొదటి పోటీలో తలపడవలసిన హంగేరీ జట్టు రానందున మనవారు నేరుగా ముందుకు సాగారు. తరువాత ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డపై 4-2 తేడాతో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. అక్కడ మరల యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మొదటి గోలు భారతదేశానిదే. చివరకు 4-1 తేడాతో ఓడినా, నాలుగేండ్ల క్రితం పది గోల్స్ ఇచ్చిన జట్టు ఇదేనా అని లోకం విస్తుపోయింది. భారతదేశం నాల్గవ స్థానంలో నిలిచింది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలవడం కూడా ఆయన శిక్షణ ఫలమే.

రహీం జీవితానికి పరాకాష్ఠ 1962 నాటి జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణిస్తున్నది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను లోలోపల దహిస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ 2-0తో ఓడింది. థాయిలాండ్‌తో జరిగిన పోటీలో రక్షణపంక్తికి ఆయువుపట్టు అయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. దీనికి తోడు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి ఒకరు విమర్శించడంతో స్థానిక ప్రజలు మనపై ఆగ్రహించారు. మనవారు ఆడినంతసేపూ ప్రేక్షకుల నుండి నిరసన ధ్వనులే వినిపించేవి.

అట్టి క్లిష్ట సమయంలో రహీం అనూహ్యమైన నిర్ణయం తీసుకున్నారు. గాయపడిన జర్నైల్‌ను రక్షణస్థానం నుండి తప్పించి దాడిచేసే ఫార్వర్డుగా నిలిపారు. జర్నైల్ సెమీఫైనల్‌లో గోలు చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన తుదిపోటీలో ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు సాధించారు. 2-1 తేడాతో స్వర్ణం మనదైంది. తొలినాడు ఓడించిన జట్టునే తుదినాడు ఓడించిన ఆ విజయం గురువుకు శిష్యులు సమర్పించిన దక్షిణ.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. భారత ఫుట్‌బాల్ పురుషుల జట్టు ఆసియా క్రీడలలో 1970లో కాంస్యం పొందినది తప్ప మరల స్వర్ణాన్ని అందుకోలేదు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం 1985లో, అంటే ఆయన గతించిన ఇరువది రెండేండ్లకు ప్రారంభమైంది. 2024లో ఆయన జీవితంపై హిందీ చలనచిత్రం వెలువడిన పిమ్మట ఆ పేరు కొత్త తరానికి తెలిసింది.

రహీం తన చేతిలోని వనరులను చూచి నిరాశ చెందలేదు. వట్టికాళ్ల జట్టుకు నడక నేర్పారు. బలహీనమైన కాలికి బలం చేకూర్చారు. గాయపడిన శిష్యునికి క్రొత్త స్థానం చూపారు. ప్రతి విద్యార్థిలోనూ ఏదో ఒక బలహీనమైన కాలు ఉంటుంది. దానిని నేలకు ఆనించి సాధనకు పూనుకోవడమే ఆ గురువునకు మనం సమర్పించగల నిజమైన నివాళి.