ఐజాక్ న్యూటను

ఐజాక్ న్యూటను నాటి ఆంగ్ల పంచాంగము ప్రకారము 1642 డిసెంబరు 25వ తేదీన ఇంగ్లండులోని ఊల్స్‌థార్పు అను పల్లెలో జన్మించెను. అతడు పుట్టుటకు మూడు మాసములు ముందే తండ్రి గతించెను. తల్లి మరల వివాహమాడి వేఱొక యూరికి వెడలిపోగా, బాలుడు అమ్మమ్మ పోషణలో పెరిగెను. 1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1669లో అచ్చటనే గణితాచార్యుడయ్యెను.

ఆ దినములలో ఒక గడియారము విద్వాంసులను కలవరపెట్టెను. 1672లో రిషేరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పారిసు నుండి దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు చేరువనున్న కయెన్ పట్టణమునకు పోయెను. పారిసులో సరిగా నడచిన లోలక గడియారము అచ్చట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడజొచ్చెను. ఉష్ణదేశపు వేడిమికి లోలకపు కడ్డీ సాగియుండునా? న్యూటను లెక్క కట్టి చూచెను. ఇనుము సాగును గాని, అంతగా సాగదు. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుట చేతను, నడుమ ఉబ్బియుండుట చేతను భూమధ్యరేఖ కడ వస్తువులను క్రిందికి లాగు బలము తగ్గుచున్నదనియు, అందుచే లోలకము మెల్లగా ఊగుచున్నదనియు అతడు తేల్చెను.

ధ్రువము కడ 200 కిలోగ్రాములు చూపిన స్ప్రింగు త్రాసు అదే వస్తువును భూమధ్యరేఖ కడ వ్రేలాడదీసిన సుమారు 199 మాత్రమే చూపును. వస్తువు నుండి రవ్వంతయు రాలలేదు, మఱి తగ్గినదేమి? తగ్గినది భారము, అనగా భూమి దానిని లాగు బలము. తగ్గనిది ద్రవ్యరాశి, అనగా అందున్న ద్రవ్యపు పరిమాణము. 1687లో వెలువడిన ప్రిన్సిపియా అను గ్రంథమును న్యూటను ఈ ద్రవ్యరాశి నిర్వచనముతోనే ప్రారంభించెను. దానిని అచ్చువేయవలసిన రాయల్ సొసైటీ చేపలను గూర్చిన గ్రంథమునకు ధనము వెచ్చించి యుండుటచే, మిత్రుడగు హాలీ తన సొమ్ముతో అచ్చొత్తించెను.

అందు ఒక చక్కని పరీక్ష గలదు. సమాన భారము గల బంగారమునందును కొయ్యయందును ద్రవ్యరాశియు సమానమేనా? న్యూటను పదకొండడుగుల దారములకు రెండు సమానమైన పెట్టెలను వ్రేలాడదీసి, ఒకదానిని కొయ్యతో నింపి, రెండవదానిలో అంతే తూకము గల బంగారము నుంచి ఊపెను. బంగారమున ద్రవ్యరాశి ఎక్కువయైనచో అది కదలుటకు మొరాయించి వెనుకబడవలెను. పెట్టెలు చాలసేపు జంటగానే ఊగినవి. పిదప వెండి, సీసము, గాజు, ఇసుక, ఉప్పు, నీరు, తుదకు గోధుమలు సైతము పరీక్షించెను. వేయింట ఒక పాలు భేదమున్నను బయటపడియుండెడిది, పడలేదు.

1696లో అతడు లండను టంకశాలలో ఉద్యోగియయ్యెను. అచ్చటి త్రాసులకు ఈ చిక్కు లేదు. బంగారమున్న పళ్లెమును, తూనికరాళ్లున్న పళ్లెమును భూమి ఒక్కతీరుగనే లాగును. కావున అట్టి త్రాసును కయెనుకు గొనిపోయినను ముల్లు కదలదు. 1705లో అతనికి సర్ బిరుదము లభించెను. 1727లో మరణింపగా వెస్ట్‌మినిస్టరు అబీలో సమాధి చేసిరి.

1969లో చంద్రునిపై అడుగిడిన మానవులకు వీపు మీది బరువు భూమిపై నున్నదానిలో ఆఱవ పాలే తోచెను. కాని నడచుచు నిలువబోయినప్పుడు వెంటనే నిలువలేక, మఱి రెండు మూడు అడుగులు ముందుకు వేయవలసి వచ్చెను.