అమ్మ చేతి బొమ్మలే తొలి పాఠాలు – నందలాల్ బోస్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదక మిత్రులు కోరగానే నాకు చిత్రకారుడు నందలాల్ బోస్ గారు గుర్తుకు వచ్చారు. మనలో చాలామందికి పగటిపూట మనుమల బాధ్యత ఉన్నది. పిల్లలకు కళాభిరుచి ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకోవడానికి ఆయన జీవితం ఎంతో ఉపకరిస్తుంది.

నందలాల్ 1882 డిసెంబరు 3న బీహారులోని ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ గారు దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి సామాన్య గృహిణి. చేతికి అందిన వస్తువులతోనే పిల్లవానికి ఆటబొమ్మలు చేసి ఇచ్చేవారు. అది చూస్తూ పెరిగిన బాలుడు తానూ బొమ్మలు చేయడం, పూజా పందిళ్ళు అలంకరించడం మొదలుపెట్టాడు. ఇందుకు ఎవరూ జీతం కట్టలేదు, పరీక్షా పెట్టలేదు.

పదిహేనేళ్ళ వయస్సులో పై చదువులకు కలకత్తా పంపారు. అక్కడ కళాశాల పరీక్షలు ఒకటికి రెండుసార్లు తప్పారు. 1903లో సుధీరాదేవితో వివాహం జరిగింది. సంసారం మీద పడిన కుర్రవాడికి ఏదో ఒక జీవనాధారం ఉండాలి కదా అని 1905లో ప్రెసిడెన్సీ కాలేజీలో కామర్సులో చేర్పించారు. అదీ సాగలేదు. మన రోజుల్లో అయితే టైపు, షార్టుహ్యాండు నేర్చుకోమని పంపేవాళ్ళం. నందలాల్ మాత్రం ఇంటివారిని బతిమాలి ఒప్పించి ప్రభుత్వ ఆర్టు స్కూలులో అవనీంద్రనాథ్ ఠాగూర్ గారి శిష్యుడయ్యారు. ఆనాడు పెద్దలు పట్టు సడలించకపోతే దేశం ఒక గొప్ప చిత్రకారుని కోల్పోయి ఉండేది.

తరువాత ఆయన అజంతా వెళ్ళి గుహలలోని గోడ చిత్రాలకు నకళ్ళు తీశారు. రవీంద్రుని పిలుపుపై శాంతినికేతన్ చేరి, కళాభవన్ అధ్యక్షులుగా 1951 వరకు పనిచేశారు. ఆయన పాఠాలు నాలుగు గోడల మధ్య జరిగేవి కావు. విద్యార్థులను పొలాలకు, సంతాల్ పల్లెలకు తీసుకుపోయి చెట్టును, పశువును, పనిచేసుకునే మనిషిని చూడమనేవారు. బెంగాలీ స్త్రీలు బియ్యపు పిండి నీళ్ళతో ఇంట్లో నేలమీద వేసే అల్పనను కళాభవన్‌లో నేర్పించారు. ఆయన కుమార్తె గౌరి ఆ అల్పనలోనే పేరు తెచ్చుకున్నారు. ఆయన కార్డు ముక్కలు దగ్గర ఉంచుకుని, కంటబడినదల్లా వాటిమీద గీసేవారు. అటువంటి కార్డులు శిష్యులకు, మిత్రులకు ఎన్నో పంపారు.

రవీంద్రుడు పసిపిల్లలకు వ్రాసిన వాచకం ‘సహజ్ పాఠ్’ 1930లో వెలువడింది. దానికి నలుపు తెలుపు బొమ్మలు వేసింది నందలాల్ గారే. ఎందరో బెంగాలీ పిల్లలు అక్షరాలతోపాటే ఆ బొమ్మలనూ చూస్తూ పెరిగారు. 1938లో గాంధీజీ కోరికపై హరిపుర కాంగ్రెసు మహాసభకు శిష్యులతో కలిసి వందల పోస్టర్లు తయారుచేశారు. వాటిలో డోలు వాయించేవాడు, దూది ఏకేవాడు, బట్టలు కుట్టేవాడు ఉన్నారు. సభకు వచ్చిన పల్లెప్రజలకు తమ బ్రతుకులే అక్కడ కనిపించాయి. మన రాజ్యాంగం మూలప్రతిని చిత్రాలతో అలంకరించింది కూడా ఆయనా, ఆయన శిష్యులూనే.

మనకూ ఆయనతో సంబంధం ఉన్నది. అప్పటి వరంగల్లు జిల్లా పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు గారు (1924–2012) శాంతినికేతన్‌లో నందలాల్ గారి వద్ద నేర్చుకుని, తరువాత హైదరాబాదులో ఎందరికో గురువయ్యారు.

1951లో నందలాల్ గారు కూడా మనవలెనే పదవీ విరమణ చేశారు. కుంచె మాత్రం వదలలేదు. 1954లో పద్మవిభూషణ్ పొందారు. 1966 ఏప్రిల్ 16న పరమపదించారు.

మనుమడు బొమ్మ గీస్తే, ముందు లెక్కలు చేయరా అని కసరడం మన ఇళ్ళలో అలవాటు. లెక్కలూ చేయవలసిందే. అయితే ముగ్గు వేసే వేళ మనుమరాలి చేతికి గుప్పెడు పిండి ఇవ్వండి. వినాయక చవితికి విగ్రహం కొనుక్కున్నా, పిల్లలచేత బంకమట్టితో ఒక చిన్న ఎలుకనైనా చేయించండి. సాయంత్రం నడకకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళి కుమ్మరి సారెనో, కొమ్మమీద పిట్టనో చూపండి. పిల్లలందరూ నందలాల్‌లు కాకపోవచ్చు. అయినా చూసే కన్ను వారికి ఏర్పడుతుంది. తీరిక మనకు ఉన్నది. వారి తల్లిదండ్రులకు లేనిది అదే.